మేస్త్రీ మెడ మీద అయిదు వేళ్ళు

మిరపకాయల్లో బతికిన మనిషి ముక్కును నమ్మి వాసన నూనె కొలవకూడదు. సబ్బుల పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలకు నేను ముందుగా చెప్పేది ఇదే. చెప్పగానే నవ్వుతారు. నవ్వండి, నాకేం. ఆ ముక్కు వల్ల ఒక మగమనిషి పరువు ఎట్లా బజారున పడిందో, మా షెడ్డుకు తాళం ఎట్లా పడిందో విన్నాక కూడా నవ్వండి చూద్దాం. విన్నాక ఇంకా ఎక్కువ నవ్వుతారు, అది వేరే సంగతి.

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మధ్య మధ్యలో "అత్తయ్యా, ఇది రాయొద్దులే" అంటోంది. రాయమన్నాను.

మా ఆయన పోయిన దగ్గర్నుంచీ గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే పని చేశాను. పొద్దున కాయల కుప్ప ముందు కూర్చుంటే సాయంత్రం లేవడమే. నా గొంతు పుట్టుకతో ఇట్లా లేదు. పెళ్ళిళ్ళలో పాట పాడమని అడిగేవాళ్ళు నన్ను. ఆ ఘాటు పీల్చీ పీల్చీ ఇప్పుడు నేను "బాగున్నారా" అని పలకరించినా పోట్లాటకొచ్చానేమోనని ఎదుటివాళ్ళు వెనక్కి జరుగుతారు. చివరికి దగ్గుతో ఆసుపత్రికి పోతే డాక్టరు ఒకటే మాట చెప్పాడు. "మళ్ళీ మిరపకాయల దగ్గర కూర్చున్నావంటే నీ ఊపిరితిత్తులకు నేను పూచీ కాదమ్మా" అన్నాడు. ఆ పని తప్ప ఇంకో పని రాని మనిషికి ఆ మాట చెబితే ఎట్లా ఉంటుందో మీరే ఆలోచించండి.

అప్పుడు దొరికింది ఈ సబ్బుల షెడ్డు. మా పొదుపు సంఘంలో మిరపకాయల పని చేసి చేసి విసిగిన ఆడవాళ్ళం కొందరం కలిసి మొదలుపెట్టాం. పెదకాకాని దాటాక రోడ్డు పక్కన పూర్వం పొగాకు ఆరబెట్టిన బ్యారన్ ఒకటి ఉండేది. ఎత్తుగా, చీకటిగా, కిటికీలు లేకుండా. దాని పక్కనే మిరపకాయలు ఎండబెట్టే కల్లం. బ్యారన్ ఒక ముఠా మేస్త్రీది. లారీలకు మిరపకాయల టిక్కీలు ఎత్తే కూలీలందరికీ అతను పెద్ద. టిక్కీ అంటే మా వైపు మిర్చి బస్తా. ఆ మేస్త్రీ మనిషి టిక్కీ కంటే లావు, మీసం కొబ్బరి పీచంత ఉండేది. ఊరికే పడి ఉన్న బ్యారన్‌ను మాకు వాడుకోమని ఇచ్చాడు. ఇచ్చినవాడు ఎప్పుడైనా తీసుకోగలడు. ఆ సంగతి మాకు బాగా తెలుసు.

పని నేర్పడానికి ఒక మేడం వచ్చింది. ఓపికగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. సబ్బులో నిమ్మ నూనె కలిపినా నీళ్ళతో కడిగేసుకుంటాం కాబట్టి భయం తక్కువ. ఒంటికి రాసుకుని అట్లాగే ఉంచుకునే నూనెల్లో మాత్రం జాగ్రత్త. నిమ్మ నూనె రెండు రకాలు, తొక్కను పిండి తీసేది ఒకటి, ఆవిరి పట్టి తీసేది ఒకటి. పిండి తీసింది ఒంటికి రాసుకుని ఎండలో తిరిగితే చర్మం కాలిపోతుంది. అందుకని ఒంటి నూనెకు ఆవిరి పట్టినదే తేవాలి, అది కూడా చుక్కల్లో వేయాలి. ఏది తయారుచేసినా ముందు మోచేతి మడతలో కాస్త రాసుకుని ఒక రోజంతా ఆగి చూడాలి. ఇదంతా మేడం చెప్పింది. మేం తలలూపాం. ఆమె చెప్పినట్టే చేసి ఉంటే ఇవాళ నాకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

గుంటూరులో కొట్టువాడు రెండు సీసాలూ మూతలు తీసి చూపించాడు. మా లీడరు పొన్నూరు వైపు మనిషి, బియ్యం వ్యాపారం చేసినవాళ్ళ ఇంటి ఆడపడుచు, బేరంలో దిట్ట. రెండూ వాసన చూసింది.

"ఇదేమో ఇప్పుడే కోసిన నిమ్మకాయలాగుంది. అదేమో ఆసుపత్రి వాసనొస్తంది. జనం నిమ్మకాయను కొంటారుగానీ ఆసుపత్రిని కొంటారా వదినా?"

"మేడం ఆవిరిది తెమ్మంది కదే" అన్నాన్నేను.

"మేడం కొనుద్దా మన నూనె? కొనేవాళ్ళ సంగతి చూడాలి."

పిండిన నూనే తెచ్చాం.

ఒంటి నూనె కలిపే రోజు అందరం బ్యారన్‌లో చేరాం. నువ్వుల నూనె గిన్నెలో నిమ్మ నూనె చుక్కలు వేసి అందరం వంగి పీల్చాం.

"వస్తందా?"

"యాడా? ఏం రావట్లా."

"ఇంకాస్త పొయ్యి."

"ఇప్పుడు?"

"ఏదో దూరంగా ఎవరో పులిహోర కలిపినట్టుంది. పొయ్యి, పొయ్యి."

మిరపకాయల్లో అన్నేళ్ళు కూర్చున్న ముక్కులు మావి. మల్లెపూలు కూడా మాకు కంటితో చూస్తేనే మల్లెపూలని తెలిసేది. మాలో ఒక్కతే మిరపకాయల పని చేయని పిల్ల ఉంది. దర్జీల ఇంటి నుంచి వచ్చిన ముస్లింల కోడలు, కొవ్వొత్తులు పోసేది. ఆ పిల్ల ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అక్కా, చాలక్కా! నా కళ్ళెమ్మట నీళ్ళొస్తన్నయ్."

"నీది కొత్త ముక్కులే. గమ్మునుండు" అంది లీడరు.

"నిన్నటి కొవ్వొత్తుల్లోనూ ఇట్టాగే పోయించారు. వెలిగిస్తే భగ్గున లేచింది. అది కొవ్వొత్తా, చిచ్చుబుడ్డా?"

అదే మొదటి హెచ్చరిక. రెండోది అప్పుడే జరిగింది. నూనె కొలవడానికి లీడరు ఒక థర్మకోలు గ్లాసు తీసుకుంది. చూస్తుండగానే గ్లాసు అడుగు కరిగి నూనె బల్ల మీదికి కారింది. గ్లాసును తినేసిన నూనె మనుషుల్ని ఏం చేస్తుందో అని ఒక్కరం కూడా అనుకోలేదు. "ఈమధ్య గ్లాసులన్నీ నాసిరకం" అనుకున్నాం. ఇప్పుడైతే గాజువి, స్టీలువి తప్ప ఇంకోటి ఆ నూనె దగ్గరికి రానివ్వను.

ఇక పరీక్ష. మేడం మోచేతి మడత అంది. మేం చేతులకు రాసుకున్నాం, ఎందుకంటే కొనేవాళ్ళు రాసుకునేది చేతులకే కదా అని మా లెక్క. మిరపకాయలు తీసీ తీసీ చెప్పు అట్టలైపోయిన చేతులు. కిటికీ లేని బ్యారన్‌లో, చీకట్లో, ఎండ ముఖం చూడకుండా సాయంత్రం దాకా కూర్చున్నాం.

"ఎవరికైనా మంటగా ఉందా?" లీడరు అడిగింది.

"మంటంటే ఏంది?" అన్నాను నేను. ఒకటే నవ్వులు. నూనె నెగ్గింది.

సీసాలు ముందుగా కొన్నది పక్క కల్లంలో మిరపకాయలు ఎండబెట్టే ఆడవాళ్ళే. వాళ్ళెవరికీ ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో తర్వాత తెలిసింది. ఎండలో పని కాబట్టి వాళ్ళంతా మొగుళ్ళ పాత ఫుల్ చేతుల చొక్కాలు తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుని దిగుతారు. నూనె రాసిన చోట ఎండే తగల్లేదు. ఒక సీసా మేస్త్రీ పెళ్ళాం కూడా కొంది. సన్నగా ఉండే మనిషి, ఆయన పక్కన నిలబడితే కనబడేది కాదు, మాట్లాడితే వినబడేది కాదు.

మేస్త్రీకి మెడ నొప్పి. పొద్దున్నే ఆయన్ని వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి, అరచేతిలో నూనె పోసుకుని, చెంప కింద నుంచి మెడ మీదికి చెయ్యి ఆనించింది. ఇంకా రుద్దడం మొదలుపెట్టలేదు, రోడ్డు మీద లారీ హారన్ మోగింది. "సాయంత్రం రుద్దుదువులే" అని లేచి పోయాడు. చొక్కా లేకుండా, తలకు గుడ్డయినా లేకుండా మాఘమాసం ఎండలో పగలంతా లారీకి టిక్కీలు ఎక్కించాడు. సాయంత్రానికి ఏమీ లేదు. మర్నాడు కాస్త ఎర్రబడింది. ఆ మర్నాటికి చెంప కింద నుంచి మెడ దాకా అయిదు వేళ్ళూ అరచెయ్యితో సహా తేలాయి. అచ్చు గుద్దినట్టు. చిటికెన వేలు దగ్గర చిన్న బొబ్బ కూడా.

నూనె రాసిన రెండు రోజులకు తేలితే నూనె ఎవరికి గుర్తొస్తుంది? ఊరికి ఒకటే అర్థమైంది.

టీ కొట్టు దగ్గర కూలీలంతా అతని మెడ చుట్టూ చేరి విచారణ మొదలుపెట్టారంట.

"ఒరేయ్, బొటనవేలు ముందుకుంది చూడరా. అంటే ఎదురుగా నిలబడే ఇచ్చింది."

"ఆమె ఎత్తుకు అందుద్దా ఆ చెంప?"

"ఈయన కూర్చునుంటాడ్లే. కూర్చున్నోడికి అందకేం?"

"మేస్త్రీ గారూ, టీలో పంచదార ఎక్కువెయ్యనా? నవలడానికి లేదుగా, తాగడమే!"

అన్నేళ్ళుగా అతని కేకకు లేచి నిలబడిన మనుషులు ఇప్పుడు అతను కేకేస్తే తల దించుకుని కిసకిసమంటున్నారు. టిక్కీ ఎత్తరా అంటే "అమ్మగారిని అడిగొస్తాం" అన్నాడట ఒకడు.

ఇంట్లో మెడకు పెట్టింది ఒక్క మన నూనే అని భార్య చెప్పింది కాబోలు, మేస్త్రీ కల్లంలో ఉన్న జనాన్నంతా వెంటేసుకుని బ్యారన్ దగ్గరికి వచ్చాడు.

"చెప్పండి! ఇది మీ నూనె పనేనా కాదా? అందరి ముందూ చెప్పండి!"

లీడరు గుమ్మంలోకి వచ్చింది. రేపో మాపో గుంటూరులో మహిళల సరుకుల ప్రదర్శన ఉంది, అందులో మాకు స్టాలు ఇచ్చారు. నూనెలో దోషం ఉందంటే ఆ స్టాలు పోతుంది. నడుం మీద చేతులు పెట్టుకుని చెప్పేసింది.

"మా నూనె బంగారం. ఇంతమంది రాసుకున్నారు, ఎవరికైనా ఏమైనా అయిందా? మా నూనెకు వేళ్ళుంటాయా మేస్త్రీ గారూ?"

కల్లమంతా గొల్లున నవ్వింది. మేస్త్రీ మీసం వణికింది. మా సామాను లోపలుండగానే తలుపులు లాగి తాళం వేశాడు. "నూనె పనని రుజువు చెయ్యండి, తలుపు తీస్తా. చెయ్యలేకపోతే సామాను బయటేసుకుని పొండి" అన్నాడు.

చూశారా మా ఇరకాటం? నూనెను కాపాడితే మేస్త్రీ పరువు పోతుంది, షెడ్డు పోతుంది. మేస్త్రీని కాపాడితే నూనె పేరు పోతుంది, స్టాలు పోతుంది. షెడ్డు పోయిందంటే మిగతావాళ్ళు మళ్ళీ మిరపకాయల్లోకి పోతారు, దగ్గుకుంటూ బతుకుతారు. నేను ఆ పాటి కూడా బతకను.

మేడంకు ఫోన్ చేయించాను. జరిగిందంతా చెప్పాను.

"ఏ నూనె వేశారు?"

"పిండిందండి."

"ఎంత?"

"వాసన వచ్చిందాకానండి."

"ఎవరికి వచ్చిందాకా?"

"మాకేనండి."

ఆమె పాపం తిట్టలేదు. ఇది ముమ్మాటికీ నూనె పనే అంది. ముందు అమ్మిన సీసాలన్నీ వెనక్కి తీసుకోమంది, మిగిలిన పిండిన నూనెను కొలత ప్రకారం సబ్బుల్లో మాత్రమే వాడమంది. మేస్త్రీని ఎండ తగలకుండా గుడ్డ కప్పుకుని డాక్టరుకు చూపించుకోమంది. "మరి రుజువు ఎట్లాగండి?" అన్నాను. "రుజువు అవసరం లేదు, నేనొచ్చి చెబుతాను" అంది. మేడం వచ్చి చెబితే కల్లం వింటుందా? చదువుకున్న ఆడమనిషి ఇంకో ఆడమనిషిని వెనకేసుకొచ్చింది అనుకుంటారు. నాకు అర్థమైపోయింది. ఆ చెయ్యే ఇంకో ఒంటి మీద తేలాలి.

లీడరు గోల పెట్టింది. "వదినా, నీకేమన్నా పిచ్చా? నువ్వే మన నూనె చెడ్డదని చాటుతావా?"

"చెడ్డదేగా చేశాం! స్టాలు వచ్చే ఏడైనా వస్తది. షెడ్డు పోతే నేను యాడికి పోనే?"

ఆమె రోషంగా అటు తిరిగి ముక్కు చీదుకుంది. ఆ పూటే బయల్దేరి, ఇల్లిల్లూ తిరిగి అమ్మిన సీసాలన్నీ వెనక్కి తెచ్చింది కూడా ఆమే. ఎక్కడా కారణం దాచలేదు, నమ్మినవాళ్ళు మాత్రం లేరు.

నేను మేస్త్రీ భార్యను వెతుక్కుంటూ పోయాను. కల్లంలో చింత చెట్టు నీడన రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ కూర్చుంది. కాదు, కూర్చోబెట్టారు. ఎప్పుడూ ఎండలో చివరి వరసలో ఉండే మనిషిని ఆ రోజు నీడలోకి తెచ్చి, పక్కన మజ్జిగ చెంబు పెట్టారు. ఆడవాళ్ళు చుట్టూ చేరి గుసగుసగా అడుగుతున్నారు.

"ఎట్టా కొట్టావే? చెయ్యి నొప్పి పుట్టలా?"

"అసలు ఏమన్నాడే నిన్ను?"

ఆమె అవుననదు, కాదనదు. చిన్నగా నవ్వుతుంది, కాయ ఏరుతుంది. నేను పక్కకు పిలిచి సంగతి చెప్పాను. రేపు అందరి ముందూ నా జబ్బ మీద నూనె చెయ్యి వెయ్యాలి, అంతే పని అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"పిన్నీ, అంత తొందరేముంది? ఇంకో వారం ఉండనియ్యి."

"ఏంది ఉండనిచ్చేది?"

"ఇదంతానే." మజ్జిగ చెంబు వైపు చూసింది. "నాలుగు రోజుల్నుంచి ఇంట్లో కేకల్లేవు పిన్నీ. నిన్న ఆయనే కంచం తీశాడు."

మగాడి మెడ మీద అయిదు వేళ్ళు తేలేసరికి ఊరంతా నిద్ర మానుకుని విచారిస్తోంది. ఆ కల్లంలోనే ఎంతమంది ఆడవాళ్ళ వీపుల మీద ఎన్ని వేళ్ళు తేలాయో, అవి ఏ చేతివో ఒక్కడూ విచారించలేదు. పాపం ఈ పిల్లకు అడక్కుండా దొరికిన మర్యాద, నా చేతులతో నేనే తీసేయాలి.

"నీ మర్యాద కోసం నేను మళ్ళీ మిరపకాయల్లో కూర్చోవాలంటే కూర్చుంటానే" అన్నాను. అబద్ధం చెప్పాను. కూర్చోను. ఆమెకూ అది తెలుసు. నా దగ్గు ఆ కల్లమంతటికీ తెలుసు.

మజ్జిగ చెంబు ఎత్తి సగం తాగి, మిగతా సగం నాకిచ్చింది. "రేపు పొద్దున్నే రా" అంది.

అమ్మాయిలూ, ఇక్కడ ఒక మాట. నేను చేసింది మీరు చెయ్యబాకండి. మేడంకు తెలిసినప్పుడు, ఒళ్ళు కాల్చుకోవడం పరీక్ష కాదు, బుద్ధిలేనితనం అని నన్ను వాయించేసింది. ఆమె మాటే నిజం. నాకు బొబ్బలెక్కాయి, డాక్టరు దగ్గరికి పోవలసి వచ్చింది, మచ్చ ఆ ఏడాది పత్తి తీతల దాకా ఉంది.

మర్నాడు కల్లంలో, జనం చూస్తుండగా, వెనక్కి తెచ్చిన సీసాలో నూనె అరచేతికి పూసుకుని, ఎప్పుడూ ఎండ ఎరగని నా జబ్బ మీద ఆమె అయిదు వేళ్ళూ ఆనించింది. నేను రవిక చెయ్యి పైకి మడుచుకుని ఎర్రటి ఎండలో కుప్ప పక్కన కూర్చున్నాను. ఘాటుకు దగ్గొస్తోంది. కూలీలు వచ్చిపోతూ తొంగి చూస్తున్నారు. "ఏందవ్వా, ఉడికిందా?" అంటాడొకడు. "ఉడికితే నీకే వడ్డిస్తాలేరా" అన్నాను.

సాయంత్రానికి ఏమీ లేదు. మర్నాడూ ఏమీ లేదు, కాస్త దురద తప్ప. మేస్త్రీ వచ్చి, నా జబ్బ చూసి, కూలీలతో బ్యారన్ ముందుకు ఒక బండి తెప్పించి నిలబెట్టాడు. మా సామాను ఎత్తడానికి. లీడరు బండి చక్రం మీద కూర్చుని ఏడ్చింది. కొవ్వొత్తుల పిల్ల నా జబ్బ పట్టుకుని దగ్గరగా చూస్తూ "అక్కా, వస్తందక్కా, నాకు కనపడతంది" అంటూనే ఉంది. నాకు ధైర్యం చెప్పడానికే అంటోందనుకున్నాను.

ఆ మర్నాడు నిద్ర లేచి చూసుకుంటే అరచెయ్యి, అయిదు వేళ్ళు. గోరింటాకు పెట్టినట్టు ఎర్రగా, ఎక్కడికక్కడ గీత గీసినట్టు. కొవ్వొత్తుల పిల్ల కళ్ళు కూడా దాని ముక్కు లాంటివేనని అప్పుడు ఒప్పుకున్నాను. మంట మండుతోంది. మంటంటే ఏంది అని అడిగినదాన్ని, ఏందో తెలిసింది. అయినా నవ్వాగలేదు.

కల్లంలోకి పోయి జబ్బ చూపించాను. జనం మూగారు. మేస్త్రీ తోసుకుంటూ వచ్చి, భార్య చెయ్యి పట్టుకుని నా జబ్బకు ఆనించి చూశాడు. వేలికి వేలు సరిపోయింది. తర్వాత అతను వంగాడు. అదే చెయ్యి అతని మెడకు ఆనించారు. అదీ సరిపోయింది. అతను ఇంత పొడుగున లేచి, మీసం మీద చెయ్యేసి, లారీల దాకా వినబడేట్టు అరిచాడు.

"చూశార్రా! కళ్ళు తెరిచి చూడండి! నా పెళ్ళాం నన్ను కొట్టలేదు!"

అప్పుడు, ఎప్పుడూ వినబడని ఆమె గొంతు వినబడింది.

"ఇప్పటిదాకా కొట్టలేదు."

నవ్వడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆమె మొగుడి చొక్కా జేబులో చెయ్యి పెట్టి, బ్యారన్ తాళంచెవి తీసి మా లీడరు చేతిలో పెట్టింది.

"తెరుచుకో అక్కా. ఆ నూనె మాత్రం అంతా సబ్బుల్లో పొయ్యబాకండి. ఒక సీసా నాకుంచండి."

మేస్త్రీ మెడ తడుముకున్నాడు. తర్వాత బండివాడి వైపు తిరిగి, నిలబడి చూస్తావేందిరా, పో అన్నాడు.